పాటతో కడుపు నిండునా?

మన బెంగుళూరు తెలుగు కుటుంబములలో ఒక పిల్లకైనను సంగీతము చెప్పింపని యిల్లు అరుదు. మల్లేశ్వరము, బసవనగుడి, చామరాజపేట మున్నగు పేటలలో విచారించినచో సరళీస్వరములు, గీతములు, వర్ణములు దాటి కృతుల వరకు వచ్చిన బాలబాలికలు ఎందరో కనబడుదురు. కాని వారిలో ఒకరు "నేను దీనినే వృత్తిగా స్వీకరింతును" అని నోరు విప్పినచో, నిన్నటి వరకు గురువుగారి యింటికి స్వయముగా కొనిపోయిన తండ్రియే "పాటతో కడుపు నిండునా?" అని యడుగును. పెండ్లిచూపులనాడు కీర్తన పాడుటకు పనికివచ్చిన విద్య అన్నము పెట్టుటకు మాత్రము పనికిరాదని పెద్దల నిశ్చయము.

ఈ ప్రశ్నను మేము పరిహసింపము. ఆ భయము నిరాధారము కాదు. కచేరీలు కాలమును బట్టి వచ్చును. శ్రీరామనవమి దినములలోను, వినాయకచవితి, నవరాత్రులలోను చేతినిండ పని. ఆషాఢము వచ్చినచో తంబూరకు ముసుగు. ఇట్టి రాబడిని నమ్ముకొని నెలనెల ఇంటి అద్దె చెల్లించుట కష్టమే. అయితే కేవలము కచేరీలపైననే బ్రతికిన విద్వాంసులు పూర్వమును కొలదిమందియే యను సంగతిని మనము మరచుచున్నాము.

ద్వారము వెంకటస్వామి నాయుడుగారు 1893లో ఈ బెంగుళూరుననే జన్మించిరని మన యువకులలో ఎందరికి తెలియును? విశాఖపట్టణమున పెరిగి, చూపు మందమైనను అన్నగారి యొద్ద ఫిడేలు అభ్యసించిరి. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. విద్యార్థిగా చేరబోయిన నాయుడుగారి వాయిద్యమును విని, దాసుగారు ఆయనను ఆచార్యునిగనే నియమించిరని చెప్పుదురు. అప్పటికి ఆయనకు ఇరువది యారేండ్లు. 1936లో ఆయనయే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. గాయకుని ప్రక్కన కూర్చుండు ఫిడేలును సభామధ్యమున నిలిపి, 1941లో సంగీత కళానిధి బిరుదమందినది, నెలజీతము పుచ్చుకొని పాఠములు చెప్పిన ఈ యుపాధ్యాయులే. జీతము ఆయన కమానును మొద్దుబార్చలేదు. రేపటి బియ్యమును గూర్చిన చింత లేనివాడు నేటి సాధన నిశ్చింతగా చేయగలడు గదా!

ఈ నగరముననే ఆర్. కె. శ్రీకంఠన్‌గారు మూడు దశాబ్దములకు పైగా ఆకాశవాణిలో ఉద్యోగము చేయుచునే అగ్రశ్రేణి గాయకులైరి. తొంబది యేండ్లు దాటిన పిమ్మటను వేదికనెక్కి పాడి, 2014లో కీర్తిశేషులైరి. ఇక పక్కవాద్యమనిన చిన్నచూపు చూచువారు టి. చౌడయ్యగారిని తలచుకొనవలెను. ఎందరో గాయకులకు ప్రక్కన వాయించుటయే ఆయన వృత్తి. పెద్ద సభలలో నాదము కడవరకు వినబడవలెనని ఫిడేలుకు ఏడు తంత్రులు కూర్చిరి. నేడాయన పేర వెలసియున్న సభామందిరము ఫిడేలు ఆకారముననే యున్నది. గాత్రమే సంగీతమని పిల్లలకు నూరిపోయుట మాని, మృదంగమునకో ఘటమునకో చేయి తిరిగినవానిని ఆ దారినే పోనీయుట మేలు.

కచేరీలతోనే ధనము గడించినవారు లేకపోలేదు. 1878లో నంజనగూడున జన్మించి, మన నగరము పేరును తన పేరున ధరించిన నాగరత్నమ్మగారు తన యార్జనను తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి మందిరమునకై ధారపోసిరి. అట్టివారు నూటికొక్కరు. తక్కినవారికి పాఠము, పక్కవాద్యము, కొలువు, కచేరీ అను నాలుగు చేతుల రాబడియే శరణ్యము. నేటి యువకునకు మరియొక ద్వారము తెరచియున్నది: అంతర్జాలము ద్వారా అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇక్కడి గురువులు పాఠములు చెప్పుచున్నారు. అయినను పది పండ్రెండేండ్ల కఠోరసాధన లేనిదే ఇవి యేవియు ఫలింపవు. డిగ్రీ చదువు మానుకొమ్మని ఉత్సాహపరచు మిత్రులతో మేము ఏకీభవింపము.

మన పిల్లలకు ఇతరులకు లేని యొక సౌకర్యమున్నది. ఈ నగరమున ఏ సభలో చూచినను పాడబడు కృతులలో అధికభాగము తెలుగు. పాడువారిలో అనేకులకు తెలుగు రాదు. కన్నడిగులైన మైసూరు వాసుదేవాచార్యులవారే తెలుగున కృతులు రచించిరనిన, ఆ సాహిత్యమునకు ఇచ్చట గల గౌరవ మెట్టిదో తెలియును. పదమును ఎచ్చట విరువవలెనో, అర్థ మేమో చెప్పగల గురువు కొరకు వెదకు గాయకులు కలరు. సంగీతమును తెలుగును రెండును వచ్చిన మన యువతీయువకులు ఆ పాఠము చెప్పి గౌరవముగ జీవింపవచ్చును. అందులకు ముందు ఇంటిలో తెలుగు చదువుట, వ్రాయుట నేర్పవలెను. త్యాగరాజకృతిని పరలిపిలో వ్రాసికొని పాడు తెలుగుబిడ్డను చూచి మాకు మిగుల చింత కలుగుచున్నది.

చివరకు సంభావన మాట. మన పెండ్లిండ్లలో పూల పందిళ్లకును వంటవారికిని బేరము లేక ఇచ్చుదుము. పాడవచ్చిన వానికి శాలువ కప్పి, తాంబూలమిచ్చి, "మన పిల్లవాడే గదా" యని పంపుదుము. పండ్రెండేండ్లు నేర్చినవాడు వీధి చివరవరకు ఆటోకు తన డబ్బే యిచ్చుకొని పోవుచున్నాడు! కడుపు నిండునాయని అడుగుచున్న చేతులే ఆ కడుపును ఎండగట్టుచున్నవి. రాబోవు ఉగాది కచేరీకి పాడువారి సంభావన యెంతయో ఆహ్వానముతో పాటే వ్రాసి యిచ్చి, ఆ రాత్రియే చెల్లింపవలెననియు, పక్కవాద్యములవారి సంభావనను వేరుగ వారి చేతికే అందజేయవలెననియు కార్యవర్గమును కోరుచున్నాము.