ట్యూబులో గర్భం: దాచుకుంటే ప్రాణాపాయం

గర్భం గర్భసంచిలో నిలవాలి. కాని నూటికి ఒకటి రెండు గర్భాలు బయట నిలుస్తాయి. వాటిలో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే. ఆ సన్నని గొట్టం పెరుగుతున్న పిండాన్ని తట్టుకోలేదు. చాలామందిలో 6 నుండి 8 వారాల మధ్య పగిలి కడుపులోపలే రక్తం పోతుంది. ఆ గర్భాన్ని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. తల్లిని మాత్రం తప్పక కాపాడుకోవచ్చు.

ఈ ప్రమాదం ఎవరికి ఎక్కువ?

* లోగడ ఇలాంటి గర్భం వచ్చినవారికి. వీరిలో సుమారు పదిమందిలో ఒకరికి మళ్లీ రావచ్చు.
* సుఖవ్యాధుల వల్ల గాని, కాన్పు, గర్భస్రావం తరువాత సోకిన ఇన్ఫెక్షన్ వల్ల గాని, క్షయ వల్ల గాని ట్యూబులు దెబ్బతిన్నవారికి.
* ట్యూబులకు ఆపరేషన్ అయినవారికి, సంతానం కోసం చికిత్స పొందుతున్నవారికి.
* 35 ఏళ్లు దాటినవారికి, చుట్ట, బీడీ, సిగరెట్ తాగే స్త్రీలకు.

మన తెలుగు రాష్ట్రాలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు చాలా ఎక్కువ. "ఆపరేషన్ అయిందిగా, గర్భమేమిటి?" అని నెల తప్పినా ఊరుకుంటారు. ఆపరేషన్ తరువాత గర్భం రావడం అరుదే. వస్తే మాత్రం ఇంచుమించు మూడింట ఒకటి గర్భసంచి బయట ఉంటుంది. కాపర్-టి ఉండగా గర్భం వచ్చినా ఈ అనుమానం పెట్టుకోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, దాపరికం ఒక ఎత్తు అని మా అభిప్రాయం. వాసనతో తెల్లబట్ట అవుతున్నదని చెప్పడానికి సిగ్గు. మందుల షాపులో మాత్రలు కొని మింగిన సంగతి అత్తగారి ఎదుట చెప్పలేరు. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తీసివేయలేవు. కొంచెం రక్తం కనబడగానే "పోయింది" అనుకుంటారు. లోపల గర్భం పెరుగుతూనే ఉంటుంది.

అందుచేత కుటుంబాలకు మా మనవి: మీ కోడలిని, కూతురిని డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. సుఖవ్యాధి ఉన్నదంటే భర్త కూడా చికిత్స చేయించుకోవాలి. ఎవరినీ నిందించవద్దు. ఈ స్థితి వచ్చినవారిలో దాదాపు సగం మందికి పై కారణాలేవీ ఉండవు.

నెల తప్పి, పొత్తికడుపులో నొప్పి, కొద్దికొద్దిగా రక్తం, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. మూత్ర పరీక్ష గర్భం ఉన్నదని చెబుతుంది గాని ఎక్కడున్నదో చెప్పదు. అందుకు స్కానింగ్, రక్తపరీక్ష కావాలి. త్వరగా కనిపెడితే కొందరికి ఇంజెక్షనుతోనే నయమవుతుంది. పగిలితే వెంటనే ఆపరేషన్, రక్తం ఎక్కించడం అవసరమవుతాయి. ఒక ట్యూబు తీసివేసినా చాలామంది మళ్లీ తల్లులవుతారు. ముందు ప్రాణం నిలవాలి గదా!