క్యాంపు ముందరి తొందర ప్రాణాంతకం

టెరిటోరియల్ ఆర్మీలో ఉన్నవారికీ, అందులో చేరాలని గ్రౌండ్లలో చెమటోడుస్తున్న యువకులకూ, వాళ్లను పరుగెత్తిస్తున్న ఉస్తాదులకూ ఈ హెచ్చరిక. ఏడాదిలో పది నెలలు కుర్చీలో గడిపే ఒంటిని రెండు మూడు వారాల్లో సిపాయి ఒళ్లుగా మార్చేద్దామన్న ప్రయత్నం వెంటనే మానండి. ఈ తొందర మనుషుల్ని చంపుతోంది. అదీ సోమరుల్ని కాదు, పట్టుదల ఎక్కువున్నవాళ్లని.

2013 జూలై 13న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, బ్రెకన్ బీకన్స్ కొండల్లో ఎస్ఏఎస్ ప్రత్యేక దళానికి ఎంపిక పరీక్ష జరిగింది. వీపున ఇరవై కిలోలు దాటిన బరువు, చేతిలో రైఫిల్, దాదాపు 26 కిలోమీటర్ల కొండదారి. బరిలో రెగ్యులర్ సైనికులూ ఉన్నారు, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో శిక్షణకు వచ్చే రిజర్విస్టులూ ఉన్నారు. వేడికి తాళలేక కుప్పకూలి ముగ్గురు చనిపోయారు. ఇద్దరు ఆ రోజే పోయారు, మూడో వ్యక్తి రెండు వారాలు దాటాక ఆసుపత్రిలో కన్నుమూశాడు. ముగ్గురూ రిజర్విస్టులే.

ఆ రోజు అక్కడి ఉష్ణోగ్రత దాదాపు 27 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో తెల్లవారుజామున కూడా చాలా రోజులు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే మనం ‘చల్లగా ఉంది, ఇప్పుడే పరుగెత్తేద్దాం’ అనుకునేపాటి వేడిలోనే ఆ మరణాలు జరిగాయి. 2015లో విచారణ ముగించిన కరోనర్ (మరణ విచారణాధికారి), నిర్లక్ష్యం కూడా ఈ మరణాలకు కారణమని తేల్చారు. అభ్యర్థుల దగ్గర వాళ్లు ఎక్కడున్నారో చూపించే ట్రాకర్లు ఉన్నాయి. కదలకుండా పడిపోయిన మనిషిని వెంటనే గుర్తించే ఏర్పాటు మాత్రం లేదు. వేడి దెబ్బ విషయంలో సైన్యం రాసుకున్న నియమాలూ ఉన్నాయి. వాటిని అమలు చేయాల్సినవాళ్లకే అవి సరిగా తెలియవు. మరుసటి ఏడాది బ్రిటన్ పని ప్రదేశాల భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ ఆ దేశ రక్షణ శాఖను అధికారికంగా అభిశంసించింది.

వేడి అంటే ఎండ ఒక్కటే కాదు. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో కదలికగా మారేది నాలుగో వంతుకు మించదు, మిగిలిందంతా ఒంట్లో వేడిగానే తేలుతుంది. ఆ వేడిని బయటికి పంపాలంటే చెమట పడితే చాలదు, ఆరాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఉక్కపోత రోజున చెమట ధారగా కారుతుందే తప్ప ఆరదు. వీపున బరువు, ఒంటిమీద మందపాటి యూనిఫాం, కాళ్లకు బూట్లు కూడా ఉంటే వేడి వెళ్లే దారులన్నీ మూసుకుపోతాయి. అందుకే థర్మామీటరు 30 డిగ్రీలు చూపించిన ఉదయం కూడా ప్రమాదకరమే.

రెగ్యులర్ సిపాయికి రోజూ పీటీ ఉంటుంది. తిండి, నిద్ర, పరుగు అన్నీ ఒక క్రమంలో సాగుతాయి. టెరిటోరియల్ ఆర్మీ జవానుకు ఏడాదికి సుమారు రెండు నెలల శిక్షణ ఉంటుంది, తక్కిన కాలమంతా బ్యాంకు, బడి, వ్యాపారం, సాఫ్ట్‌వేర్ కొలువు. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ కొద్దికొద్దిగా శ్రమపెడుతూ 10 నుంచి 14 రోజులు పడుతుంది. మళ్లీ ఏసీ గదిలో కూర్చుంటే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో పుంజుకుంటాయి, ఎముక గట్టిపడటానికి నెలలు కావాలి. దమ్ము పెరిగిందన్న ధీమాతో దూరం పెంచేస్తే పిక్క ముందున్న ఎముకలో సన్నని పగుళ్లు వస్తాయి. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరిచినవాడు తప్పితే మళ్లీ రాసుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు ఉండదు.

మన దేశంలోనూ పాఠం నేర్పిన ఘటన ఉంది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు పరుగు పెట్టారు. మగవాళ్లు గంటలో 10 కిలోమీటర్లు పూర్తిచేయాలి. పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. పరుగును కొన్ని రోజులు ఆపేయాల్సి వచ్చింది. వాళ్లంతా ఉద్యోగం కోసం వచ్చిన పడుచు పిల్లలే.

మన ఊళ్లలో పరిస్థితి చూడండి. ఆర్మీ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, బీమ్ (పుల్-అప్స్) పది తీస్తే 40. నోటిఫికేషన్ వచ్చేదాకా కదలనివాళ్లు, ఈవెంట్స్ తేదీ ప్రకటించగానే హైవే పక్కన పొద్దునా సాయంత్రమూ పరుగు మొదలుపెడతారు. బరువు తగ్గాలని నీళ్లు మానేసేవాళ్లున్నారు, జ్వరం తగ్గీ తగ్గకముందే గ్రౌండుకు వచ్చేవాళ్లున్నారు. ర్యాలీకి ముందు రాత్రంతా రైల్లోనో, స్టేడియం గేటు దగ్గరో జాగారం చేసి, ఖాళీ కడుపుతో గీత దగ్గర నిలబడేవాళ్లకు లెక్కలేదు. నిద్రలేమి, జ్వరం, విరేచనాలు, ముందు రోజు తాగిన మద్యం, జలుబుకు వేసుకున్న కొన్ని మాత్రలు కూడా వడదెబ్బను దగ్గరికి తెస్తాయి.

ఊపు కోసం తాగే పొడులు, ఎనర్జీ డ్రింకులు, ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు మరో ముప్పు. శిక్షణలో ఇద్దరు సైనికులు చనిపోయాక, 2011 డిసెంబరులో అమెరికా రక్షణ శాఖ డీఎంఏఏ అనే ఉత్ప్రేరకం కలిసిన పొడులన్నిటినీ తన స్థావరాల్లోని దుకాణాల నుంచి తీసేయించింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సైన్యమే అంత జాగ్రత్త పడితే, లేబుల్ కూడా సరిగాలేని డబ్బాను మన కుర్రాళ్లు నమ్మడం ఎందుకు?

మన్యం యువతకు మరో మాట. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త లక్షణం మన ఏజెన్సీ గిరిజనుల్లో ఎక్కువ. ఆ లక్షణం ఉన్న సైనికుల్లో తీవ్ర శ్రమ వల్ల కండరాలు చితికే ముప్పు సగానికి పైగా ఎక్కువని 2016లో వెలువడిన అమెరికా సైనికుల అధ్యయనం చూపింది. వాళ్లలో మరణాలు మాత్రం పెరగలేదనీ అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి ఇది భయపడి మానుకోవాల్సిన విషయం కాదు, తెలుసుకుని మెల్లగా సాగాల్సిన విషయం. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష చేస్తున్నారు. చేయించుకోండి.

క్యాంపుకైనా, ర్యాలీకైనా కనీసం 12 వారాల ముందు మొదలుపెట్టండి. మొదటి నెల వడివడి నడక, తేలిక పరుగు కలిపి వారానికి మూడు నాలుగు రోజులు చాలు. పిట్టూ (వీపు సంచి) మోయడం ఐదారు కిలోలతో, వారానికి ఒక్కసారితో మొదలుపెట్టండి. దూరం, వేగం, బరువు, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచండి. చివరి రెండు వారాలు ఏ వేళ పరీక్ష ఉంటుందో ఆ వేళకే ఒంటిని అలవాటు చేయండి, అదీ కొద్దికొద్దిగా. దాహం తీరేలా నీళ్లు తాగండి, భయపడి గంటకు లీటర్లకొద్దీ తాగడమూ ప్రమాదమే. టెరిటోరియల్ ఆర్మీ అధికారి పోస్టుకు 42 ఏళ్ల దాకా దరఖాస్తు చేయవచ్చు. 35 దాటినవాళ్లు బీపీ, షుగరు, గుండె పరీక్షలు చేయించుకున్నాకే పరుగు మొదలుపెట్టాలి. పరుగులో ఛాతీ బిగిస్తే, కళ్లు తిరిగితే ఆ రోజుకు అక్కడితో సరి.

వడదెబ్బ గుర్తులు ప్రతి ఉస్తాదుకూ, ప్రతి తోటి అభ్యర్థికీ తెలిసి ఉండాలి. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది, కారణం లేకుండా కోపం వస్తుంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్న నమ్మకం తప్పు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండవచ్చు. అలాంటి మనిషిని నీడకు చేర్చి, బూట్లు, బరువు, చొక్కా తీసేసి, 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా చల్లబరచండి. నీళ్లు, ఐసు నింపిన తొట్టి ఉంటే తల పైకి ఉంచి అందులో కూర్చోబెట్టండి. లేదంటే ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. అరగంటలోపు ఒళ్లు చల్లబడితే బతికే అవకాశం చాలా ఎక్కువ. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పరుగైన మర్నాడు ఒళ్లు భరించలేనంత నొప్పిగా ఉండి, మూత్రం డికాషన్ రంగులో వస్తే, కండరాలు చితికి కిడ్నీలు దెబ్బతింటున్నాయని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

శిక్షణ తగ్గించమని ఎవరూ అనడం లేదు. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించిన టెరిటోరియల్ ఆర్మీ కాగితాల మీది సైన్యం కాదు. అవసరమైతే దాని బలగాలను పిలిపించుకునే అధికారాన్ని 2025 మే నెలలో కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. పిలుపు వస్తే నిలబడాల్సిన మనిషి ఏడాది పొడవునా సిద్ధంగా ఉండాలి. క్యాంపు ముందరి నెలలో ఒళ్లు హూనం చేసుకునేవాడు అలా సిద్ధం కాలేడు.

ఎంపికలు నిర్వహించే అధికారులకు, కోచింగ్ అకాడమీల యజమానులకు మా డిమాండు ఇది. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది దాటాక పరుగు పెట్టకండి. మైదానంలో డాక్టరు, అంబులెన్సుతోపాటు ఐసు, నీళ్ల తొట్టి కూడా ఉంచండి. వేడికి ఒక్కరు పడిపోయినా మిగతావారి పరుగు ఆపి, కారణం చూశాకే మళ్లీ మొదలుపెట్టండి. జ్వరంతో వచ్చినవారికి మరో తేదీ ఇవ్వండి. అలా ఇస్తామని హాల్‌టికెట్ మీదే అచ్చు వేయండి. ఆ భరోసా లేనంతకాలం, ఉద్యోగం పోతుందన్న భయంతో జబ్బు దాచి పరుగెత్తేవాళ్లు ఉంటూనే ఉంటారు.