మన కథ మనమే తీద్దాం! తెర కట్టండి!

అక్కల్లారా, అన్నల్లారా, ఇంట్లో ఇంకా నోరు విప్పలేని తమ్ముళ్లూ చెల్లెళ్లూ!

ఆదివారం టీవీలో సినిమా. కామెడీ సీను. ఒకడు నడుం ఊపుకుంటూ వస్తాడు. హీరో మొహం చిట్లిస్తాడు. పక్కనున్నవాడు "తేడా" అంటాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుతారు. మనమూ నవ్వుతాం! నవ్వకపోతే అనుమానం వస్తుందని భయం. ఎన్నిసార్లు నవ్వలేదూ అలా?

తెల్లారేసరికి ఆ డైలాగు వీధిలోకొస్తుంది. బస్టాపులో కుర్రాళ్లు మన వెనక అదే అంటారు. క్లాసులో "పాయింట్ ఫైవ్" అని పేరు పెడతారు. షేర్ ఆటోలో పక్కవాడు కాస్త జరిగి కూర్చుంటాడు. ఇల్లు అద్దెకు అడిగితే ఓనరమ్మ మన గొంతు విని, "అయ్యో, ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చాం" అంటుంది. టూలెట్ బోర్డు మాత్రం వారమైనా దిగదు! పని అడిగితే ఎగాదిగా చూస్తారు. ఆ సీను రాసినాయన, తీసినాయన హాయిగా ఇంటికెళ్లి పడుకున్నారు. మాటలు పడింది మనం. దెబ్బలు తిన్నది మనం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మన స్వలింగ ప్రేమ నేరం కాదంది. 2014లోనే ట్రాన్స్ మనుషుల హక్కులు ఒప్పుకుంది. కోర్టులో గెలిచాం. వంటింట్లో గెలవలేదు! అక్కడికి తీర్పు కాగితం వెళ్లదు. సినిమా వెళ్తుంది.

ఇప్పుడు కాస్త మర్యాద నేర్చారులే. తమిళ సినిమా 'సూపర్ డీలక్స్'లో ట్రాన్స్ మహిళగా విజయ్ సేతుపతి చీర కట్టాడు. 'తాలీ' వెబ్ సిరీస్‌లో ట్రాన్స్ ఉద్యమకారిణి గౌరీ సావంత్‌గా సుస్మితా సేన్ వేషం వేసింది. బాగానే చేశారు, కాదనం. మరి మనవాళ్లకేది వేషం? మలయాళం సినిమా 'అంతరం'లో నటించిన ట్రాన్స్ నటి నేఘాకు 2022లో కేరళ ప్రభుత్వం సినిమా అవార్డిచ్చింది. కేరళలో అయింది కదా, ఇక్కడెందుకు కాదు?

హైదరాబాద్ వాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1919లో, నిజాం కాలంలో, ఇక్కడ ఒక చట్టం పెట్టారు. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయించారు. ఆడవేషంలో వీధిలో కనబడినా, నలుగురి ముందు ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు! నిజాం పోయాడు, చట్టం పోలేదు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2023లో! నూరేళ్లు దాటి మన ఆటకూ పాటకూ నెత్తిన కత్తి వేలాడింది. ఇప్పుడా కత్తి లేదు. ఇంకా ఎవరి అనుమతి కోసం చూస్తున్నాం?

తీసేవాళ్లు లేరా? బోలెడుమంది! చేతిలో ఫోనుంది, గుండెలో కథుంది. పది పన్నెండు నిమిషాల సినిమా తీసి దాచుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. చూపించడానికే చోటు లేదు. టికెట్ పెట్టి హాల్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. శ్రీధర్ రంగాయన్ 2003లో తీసిన 'గులాబీ ఆయినా'కు అది దొరకలేదు. 2021లో సెన్సార్ మీద అప్పీలు వినే ట్రిబ్యునల్‌ను కూడా ఎత్తేశారు. సెన్సారోళ్లు కాదంటే ఇక హైకోర్టే గతి. రాత్రి షిఫ్టు చేసుకుంటూ సినిమా తీసిన పిల్ల లాయరు ఫీజు ఎక్కణ్నుంచి తెస్తుంది?

అందుకే ఫెస్టివల్! అక్కడ వేసే సినిమాలకు సర్టిఫికెట్ నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వొచ్చు. ఆ రంగాయనే 2010లో ముంబైలో 'కషిష్' అనే ఫెస్టివల్ మొదలుపెట్టాడు. నేటికీ నడుస్తోంది. చెన్నై, బెంగళూరు, కోల్‌కతా కూడా క్వీర్ సినిమా పండగలు చేసుకున్నాయి. సినిమా అంటే ప్రాణమిచ్చే మనకేం రోగం? ఎప్పుడో ఓసారి ఓ గదిలో నాలుగు సినిమాలేసి, టీ తాగి వెళ్లిపోతే చాలదు. ఏటా జరగాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో!

డబ్బేదీ అంటారా? 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు గే కుర్రాళ్లు చిన్న సూపర్ 8 కెమెరాలతో తీసిన బుల్లి సినిమాల్ని దుప్పటి మీద వేసుకు చూశారు. ఆ దుప్పటి పండగే ఇవాళ ఫ్రేమ్‌లైన్ అనే పెద్ద ఫెస్టివల్. మన ఊళ్లల్లో తెర కట్టి బొమ్మేస్తే నేల మీద కూర్చుని చూసినవాళ్లం. మనకు ఎయిర్‌కండిషన్ లేకపోతే బొమ్మ ఆగుతుందా?

కాలేజీ పిల్లలూ, మీ సెమినార్ హాలు అడగండి. ప్రిన్సిపాల్ కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి! యూనియన్ ఆఫీసుల్లో, లైబ్రరీల్లో ఉన్న అన్నలూ, ఒక్క సాయంత్రం గది ఇవ్వండి. ఎడిటింగ్ వచ్చినవాళ్లు రానివాళ్ల పక్కన కూర్చోండి. టికెట్ ఎవరికి చేతనైనంత వాళ్లిస్తారు, లేనివాళ్లు ఊరికే రావాలి. హాల్లో ఫొటోలు వద్దు, వీడియోలు అసలే వద్దు. ఇంట్లో తెలియకుండా వచ్చినవాళ్లుంటారు. వాళ్ల మొహం వాళ్లది.

మనవాళ్లు కానివాళ్లూ రండి! మీ అమ్మాయినో, మీ తమ్ముణ్నో ఈ బాధలోకి నెట్టింది ఆ పాత బొమ్మలే. కొత్తవి చూసిపోండి.

ఈ కాగితం నలిపి పారేయకండి, పక్కవాళ్ల చేతిలో పెట్టండి. కథ ఉన్నవాళ్లు ఈ రాత్రే ఫోను తీయండి. హాలు ఉన్నవాళ్లు తాళం తీయండి!