థైరాయిడ్ మాత్రకు మీరు డబ్బు కడుతున్నారా?

ఇంగ్లండులో ఉంటూ, పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే అక్కలూ చెల్లెళ్ళూ, ఇది మీకోసమే. ఫార్మసీలో ఆ మాత్రకు 9 పౌండ్ల 90 పెన్నీలు కడుతున్నారా? కట్టక్కర్లేదు. హైపోథైరాయిడ్‌కు లీవోథైరాక్సిన్ వాడేవాళ్ళకి మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే థైరాయిడ్ మాత్రే కాదు, ఎన్‌హెచ్‌ఎస్ డాక్టరు రాసిన ఏ మందుకూ చార్జీ ఉండదు. మందులు వాడే షుగర్ పేషెంట్లకీ అంతే. సర్జరీలో అడిగితే వాళ్ళే సంతకం పెట్టి పంపాలి. అది చేతికి రాకముందే ‘నాకు ఫ్రీ’ అని మాత్రం చెప్పకండి, 100 పౌండ్ల దాకా జరిమానా వేస్తారు.

నేను మూడేళ్ళు కట్టాను. మా సర్జరీలో ఒక్కరూ చెప్పలేదు. చివరికి చెప్పింది ఫార్మసీలో పనిచేసే అమ్మాయి. పోనీ, కట్టింది వెనక్కి వస్తుందా అంటే, కట్టిన రోజే ఎఫ్‌పి57 రసీదు అడిగి తీసుకుని, మూడు నెలల్లోపు క్లెయిమ్ చెయ్యాలట. అసలు ఫ్రీ అనే తెలియనిదాన్ని, ఆ రసీదు సంగతి నాకేం తెలుసు!

నా కోపం డాక్టర్ల మీద కాదు, 28 రోజులకే మందు రాసే అలవాటు మీద. ఇక్కడ చార్జీ మాత్రల లెక్కన కాదు, రాసిన ఒక్కో మందుకి. బీపీ మాత్ర ఒక్కటే అయినా, 28 రోజులకోసారి అంటే ఏడాదికి 13 సార్లు, 128 పౌండ్ల 70. అదే 84 రోజులకి రాస్తే 50 దాటదు. మందు మార్చాల్సి వస్తే మిగిలినవి పారెయ్యాలి కదా అంటారు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఆ మాట నిజమే. ఆరేళ్ళుగా అదే డోసు వేసుకుంటున్న మనిషికి ఎందుకు? చాలా పాత జనరిక్ మందులకి ఎన్‌హెచ్‌ఎస్‌కు అయ్యేది ఒకటి రెండు పౌండ్లే. వీసాకి ఏటా 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ కట్టినవాళ్ళకి కూడా ఈ చార్జీ తప్పదు. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో ఉన్న మనవాళ్ళకి ఈ గొడవే లేదు, అక్కడ అందరికీ ఉచితం.

‘పారాసెటమాల్ కూడా రాయలేదు’ అని డాక్టర్ని తిట్టుకునేవాళ్ళున్నారు. అక్కడ మాత్రం నేను డాక్టరు పక్షమే. సూపర్‌మార్కెట్లో పౌండు లోపు దొరికేదానికి 9.90 ఎందుకు?

ఏడాదికి 12 చార్జీలు దాటేవాళ్ళు 114 పౌండ్ల 50తో ప్రీపేమెంట్ సర్టిఫికెట్ తీసుకోండి, వాయిదాల్లో కట్టొచ్చు. మెనోపాజ్‌కి హెచ్‌ఆర్‌టీ వాడేవాళ్ళకి విడిగా ఒకటుంది, ఏడాదంతటికీ 19 పౌండ్ల 80. మన గ్రూపుల్లో చీరల ఆఫర్లు నిమిషంలో ఫార్వర్డ్ అవుతాయి, ఇది మాత్రం ఎవరూ చెప్పుకోరు. మెనోపాజ్ అనే మాటకే సిగ్గు మనకి.

ఇంకో సంగతి. ఖర్చు తప్పించుకోవడానికి ఊరినుంచి వచ్చే అత్తయ్యగారి సూట్‌కేసులో ఆరు నెలల థైరాయిడ్ మాత్రలు తెప్పించుకుంటున్నారు కొందరు. ఆ మందు సర్జరీ రికార్డులో ఉండదు. రక్తపరీక్ష రిపోర్టు చూసే డాక్టరుకి మీరు ఏ డోసు వేసుకుంటున్నారో తెలియదు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది మరీ ప్రమాదం. పైగా వాళ్ళకి ఎలాగూ మందులు ఉచితమే, కాన్పయ్యాక ఏడాది దాకా. సర్టిఫికెట్ కావాలని మిడ్‌వైఫ్‌ని అడగండి.

సర్జరీకి ఫోన్ చేసి, ‘నాకు మెడికల్ ఎగ్జెంప్షన్ వస్తుందా? నా మందు మూడు నెలలకి రాస్తారా?’ అని రెండే ప్రశ్నలు అడగండి. ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే రాసి రిసెప్షన్‌లో ఇవ్వండి. నేను అలాగే ఇచ్చాను.