జిఫ్ కోసం మీ స్క్రీన్ ఊరేగించాలా?

తిన్నగా అడుగుతాను. ఎనిమిది సెకన్ల స్క్రీన్ రికార్డింగుని జిఫ్ చెయ్యడానికి, ఇంజనీరింగు చదివి, సర్వర్లు నడిపి జీతం తీసుకునేవాళ్ళు ఆ ఫైలుని ముక్కూమొహం తెలీని ఎవడి సైటుకో అప్‌లోడ్ చెయ్యడమేంటండీ? గూగుల్లో కొట్టడం, మొదట కనపడ్డ ఉచిత కన్వర్టర్లో పడెయ్యడం, వచ్చింది తెచ్చి టికెట్‌కి తగిలించడం. నేను పనిచేసిన ప్రతి టీములోనూ ఇదే తంతు. సెక్యూరిటీ ట్రైనింగు క్విజ్‌లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇదే చేస్తారు :-)

('గిఫ్' అనాలి అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. 1987లో కంప్యూసర్వ్‌లో దాన్ని తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ 'జిఫ్' అనే అన్నాడు, నేనూ అదే అంటాను.)

బగ్ చూపించడానికి తీసిన రికార్డింగులో బగ్ ఒక్కటే ఉండదు. అడ్రస్ బార్లో టోకెన్ ఉంటుంది. పక్క ట్యాబుల పేర్లుంటాయి. సరిగ్గా అప్పుడే కింద మూలన వచ్చిపడ్డ చాట్ మెసేజి ఉంటుంది. 'టెస్ట్ డేటా' అని ముద్దుగా పిలుచుకునే అసలు కస్టమర్ల పేర్లూ, ఫోన్ నంబర్లూ ఉంటాయి. ఒక్క స్క్రీన్‌షాట్ అయితే పంపేముందు ఒకసారైనా పరకాయించి చూస్తాం. ఎనభై ఫ్రేములున్న దాన్ని ఎవరు చూస్తారు?

"అబ్బే, కొంపలు మునిగే రహస్యాలు మా దగ్గర ఏమున్నాయండీ" అనేది మామూలు జవాబు. సరే, ఆఫీసు సంగతి వదిలేద్దాం. మాది పి.గన్నవరం. విమానాలు దిగే గన్నవరం కాదు, వైనతేయ గోదావరి ఒడ్డున కోనసీమలో ఉన్నది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో అక్కడ నెట్ సెంటర్ ముందు పిల్లలూ, తల్లిదండ్రులూ బారులు తీరి ఉంటారు. వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో ఒక్కొక్కరికీ చెప్పలేక, ఎవరో ఒక పిల్లాడి దరఖాస్తు నింపుతూ రికార్డు చేసి, దాన్ని జిఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ అందులో ఆ పిల్లాడి హాల్ టికెట్ నంబరు, పుట్టినతేదీ, తండ్రి ఫోన్ నంబరు, ఒక్కోసారి ఆధార్... అన్నీ ఒకేచోట, వరసగా. గ్రూపులోవాళ్ళు చూడటం ఒక ఎత్తు, అంతకుముందే అది ఏ దేశంలోని సర్వర్లోనో కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆ సైటు పేరు నెట్ సెంటర్ కుర్రాడికి ఎవరు చెప్పారంటారా? హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే అన్నయ్య. నా ఒళ్ళు మండేది అక్కడే. ఊళ్ళో కంప్యూటర్ గురించి ఏ సందేహం వచ్చినా మనల్నే అడుగుతారు, మనం చెప్పిందే వేదం.

ఇది నా భయం మాత్రమే కాదు. 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు సరిగ్గా ఈ ఉచిత ఆన్‌లైన్ ఫైల్ కన్వర్టర్ల గురించే హెచ్చరించింది. అడిగిన పని చేసిపెడుతూనే మాల్వేర్ అంటించేవి ఉన్నాయనీ, ఇచ్చిన ఫైళ్ళలోంచి గుర్తింపు నంబర్లూ, బ్యాంకు వివరాలూ, పాస్‌వర్డులూ ఏరుకునేవి ఉన్నాయనీ. మన దగ్గర 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయం, ఇంటర్నెట్ సెంటర్ల కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడ్డారని రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటన కోనసీమలో ఎంతమంది చదివారో మరి! మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత అక్కడ మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ల్యాప్‌టాపులు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లెక్కిన రోజులవి. ఆన్‌లైన్ కన్వర్టర్ నమ్ముకున్నవాడికి ఆ రోజుల్లో జిఫ్ కూడా లేదు. సొంత మెషీన్లో ప్రోగ్రాం ఉన్నవాడికి నెట్‌తో పనే లేదు.

ఆ ప్రోగ్రాం పేరు ఎఫ్ఎఫ్ఎంపెగ్. 2000లో ఫాబ్రీస్ బెలార్ మొదలుపెట్టాడు, ఉచితం. తమాషా ఏంటంటే, ఈ ఆన్‌లైన్ సైట్లలో చాలావాటి వెనకాల నడిచేది కూడా ఇదే. కొన్ని సైట్లు దాపరికం లేకుండా చెప్పుకుంటాయి కూడా. అంటే, మన పెరట్లో బావి పెట్టుకుని పక్కూరివాడి దగ్గర నీళ్ళు కొనుక్కుంటున్నామన్నమాట.

"జిఫ్ చేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చిందండీ, అందుకే సైటు వాడుతున్నా" అనే వాదనకి కాలం చెల్లి చాలా ఏళ్ళయింది. జిఫ్‌లో ఒక రంగుల పట్టికకి 256 రంగులే పడతాయి. పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏ వీడియోకయినా ఒకే మూస పట్టిక వాడేది, మచ్చలు అందుకే. 2015లో ప్యాలెట్‌జెన్, ప్యాలెట్‌యూజ్ అనే రెండు ఫిల్టర్లు వచ్చాయి. మొదటిది మీ వీడియో చూసి దానికి తగ్గ 256 రంగులు ఏరుతుంది, రెండోది వాటితో బొమ్మ కడుతుంది. స్ప్లిట్ ఫిల్టరుతో రెండూ ఒకే కమాండులో పడతాయి. సెకనుకి పది ఫ్రేములు చాలు, ఫారం నింపడం క్రికెట్ మ్యాచి కాదు. డిథరింగ్ తగ్గించండి. జిఫ్‌లో వాడే ఎల్‌జడ్‌డబ్ల్యూ కుదింపుకి ఒకే రంగు బారుగా ఉంటే పండగ, చుక్కలు చల్లితే ఫైలు ఉబ్బుతుంది. ఇంకా పెద్దదనిపిస్తే గిఫ్‌సికిల్ అనే ఇంకో చిన్న ప్రోగ్రాంలో లాసీ ఆప్షన్ ఉంది.

తెలుగు స్క్రీన్ అయితే వెడల్పు మరీ తగ్గించకండి. నాలుగొందల పిక్సెళ్ళకి కుదిస్తే ఇంగ్లీషు ఎలాగో చదవొచ్చు, మన వత్తులు మాత్రం కింద మసిచుక్కలై పోతాయి. ఇంటిపేరు కాలమ్‌లో ఏం రాయాలో చూపించే జిఫ్‌లో ఆ ఇంటిపేరే కనపడకపోతే ఎందుకది? స్కేల్ చేసేబదులు క్రాప్ చెయ్యండి. కావలసిన పెట్టె మాత్రమే ఉంచితే ఫైలూ తగ్గుతుంది, అక్కర్లేని ట్యాబులూ పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం డ్రాబాక్స్ ఫిల్టరు. నంబరు ఉన్నచోట నల్లటి పెట్టె గీస్తుంది. మందం దగ్గర 'ఫిల్' అని ఇవ్వండి, లేకపోతే చుట్టూ గీత గీసి నంబరుని ఇంకా బాగా చూపిస్తుంది :-) మసక చెయ్యొద్దు, మసక చేసిన అంకెల్ని తిరిగి రాబట్టే పద్ధతులున్నాయి. పేజీ స్క్రోల్ అయితే నంబరు పెట్టె కింద నుంచి జారి బయటికొస్తుంది, అది కూడా చూసుకోండి. మా ఊరి అక్విడక్టు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలువ నీళ్ళు గోదావరి పాయని దాటాలి, కానీ అందులో కలవకూడదు. 19వ శతాబ్దంలోనే ఆ జాగ్రత్త తీసుకుని నది మీదుగా కాలువ కట్టారు.

"అంత చిన్న పనికి కమాండ్ లైనా?" అంటారు. ఒకసారి రాసి స్క్రిప్టుగా దాచుకోండి, రెండోసారి నుంచి ఫైలు పేరు ఇస్తే చాలు. నెట్ సెంటర్ కుర్రాడికయితే విండోస్‌లో బ్యాచ్ ఫైలు చేసి డెస్క్‌టాప్ మీద పెట్టండి, వీడియోని లాక్కొచ్చి దానిమీద పడేస్తే పక్కనే జిఫ్ వస్తుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు పావుగంట పని. నిజానికి వాట్సాప్‌కి జిఫ్ కూడా అక్కర్లేదు, అది ఎలాగూ లోపల వీడియోగానే పంపుతుంది. గిట్‌హబ్ ఇష్యూల్లో 2021 నుంచి వీడియో నేరుగా పెట్టుకోవచ్చు.

ఇక "మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు" అనేవాళ్ళు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావాలని ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టండి. వాళ్ళు ఒప్పుకునేదాకా ఆ వీడియోని వీడియోగానే టికెట్‌కి తగిలించండి. ఎవరూ మిమ్మల్ని జిఫ్ అడగలేదు.