కరువు చూసినోళ్ళకు కరువు భత్యం లేదా?

ఉద్యోగ సోదరులకు డీఏ అంటే ఏందో చెప్పనక్కర లేదు. తెలుగుల దానికి కరువు భత్యం అని పేరు. ధరలు పెరిగితే జీతం విలువ తగ్గుతది. ఆ తగ్గిన విలువను ఏడాదికి రెండుమాట్ల లెక్కగట్టి సర్కారు పూడ్చాలె. జనవరిల ఒకమాటు, జూలైల ఒకమాటు. ఇయ్యకపోతే మనం ఊకోం. నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటం, భోజన విరామంల గేటుకాడ నిలబడి నినాదాలిస్తం, బకాయిలు ఎన్నున్నయో వేళ్ళమీద లెక్కజెప్తం. అది హక్కు కాబట్టి అడుగుతం. అడగాలె కూడా.

మరి అసలు కరువును కండ్లార చూసిన మన ముసలోళ్ళకు కరువు భత్యం ఏది? పాలమూరుల మట్టితట్టలు మోసి దేశమంత కాలువలు తవ్విన అవ్వకు ఏది? సిరిసిల్లల సాంచెల చప్పుడుకు చెవులు పోగొట్టుకున్న తాతకు ఏది?

ఆసరా పింఛను 2019 జూన్ల 2016 రూపాయలు అయింది. 2024 ఏడాదంతా అదే 2016 రూపాయలు. ఈ ఐదేండ్లల్ల పప్పు పెరిగింది, మంచినూనె పెరిగింది, బీపీ గోలీలు పెరిగినయి, మండలానికి పోయే ఆటో కిరాయి పెరిగింది. ముసలోళ్ళ చేతిల పడే పైస మాత్రం కదలలేదు.

ఆ అంకెనే ఒకసారి చూడున్రి. రెండువేల పదహారు. పెండ్లిల చదివింపుల లెక్క! నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అని చదివించినట్టు. చదివించేటోడు తనకు తోచినంత చదివిస్తడు. పోయినసారి ఇంత ఇచ్చినవు, ఈసారి ధరలు పెరిగినయి, ఎక్కువ తియ్యి అని పెండ్లోళ్ళు అడగరు. అడిగితే మర్యాద కాదు. మన పాలకులు ముసలోళ్ళను గా పీటలమీదనే కూసోబెట్టిన్రు. ఇచ్చింది తీసుకోవాలె, దండం పెట్టాలె. మా తగాదా అంతా ఈడనే. పింఛను చదివింపు కాదు. నలభై, యాభై ఏండ్లు కూలీ తక్కువిచ్చి చేయించుకున్న పనికి సమాజం బాకీపడ్డ పైస అది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. ఉమ్మడి రాష్ట్రంల 2014 దాక వృద్ధాప్య పింఛను 200 రూపాయలు. రాష్ట్రం వచ్చిన ఏడాదే, 2014 నవంబరుల, దాన్ని వెయ్యి చేసిన్రు. ఒక్కసారి అయిదింతలు! ఆనాడు మేం సంబురపడ్డం, ఇప్పటికీ ఆ పనిని తక్కువ చేసి మాట్లాడం. రాష్ట్రం ఎందుకు అని అడిగినోళ్ళకు అది మంచి జవాబు. అయితే ఆ జవాబుల ఒక కిరికిరి పెట్టిన్రు. వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కటే అన్నరు. ముసలామెకు ఇస్తే ముసలాయనకు లేదు. ఇద్దరూ నడుములు విరిగేదాక పనిచేసిన్రు, ఇద్దరికీ మోకాళ్ళు అరిగినయి, సర్కారు లెక్కల మాత్రం ఇద్దరికి కలిపి ఒక్క కడుపు. మొగుడూపెండ్లాలు ఇద్దరూ టీచర్లయితే రిటైరైనంక ఇద్దరికీ పింఛను వస్తది. ఇంటికి ఒక్కటే అని ఏ ట్రెజరీ అన్నది? అంటే మనం ఊకుంటమా?

వయసు సంగతి ఇంకో ముచ్చట. బడి మొఖం చూడనోళ్ళకు పుట్టిన తారీఖు ఏడికెల్లి వస్తది? పెద్దవరదల నాడు పుట్టిన, పోలీసుచర్య ఏడాది పుట్టిన అని చెప్తరు. ఆధార్ సెంటర్ల కూసున్న పిలగాడు మొఖం చూసి అందాజకు ఒక ఏడాది కొడ్తడు, దానికి జనవరి ఒకటో తారీఖు తగిలిస్తడు. ఆ అందాజనే పత్రం అయితది. కొడుకుకు, తల్లికి పదేండ్లే తేడా ఉన్న కార్డులు ఊరూరికి ఉన్నయి, నవ్వాల్నా ఏడ్వాల్నా! 57 ఏండ్లకే పింఛను ఇస్తమని 2018 ఎన్నికలల్ల చెప్పిన్రు. కొత్త పింఛన్లు చేతికొచ్చేసరికి 2022 ఆగస్టు అయింది. మునుగోడు ఉప ఎన్నిక కూడా ఆ తర్వాత మూడు నెలలకే వచ్చింది, అది వేరే సంగతి.

ఇగ వేలిముద్ర. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టిన ఆడోళ్ళ చేతులు చూడున్రి. చిన్నతనంల చాట ఒళ్ళె పెట్టుకున్నది మొదలు తునికాకు కత్తిరిచ్చి, తంబాకు పోసి, దారం చుట్టి చుట్టి వేళ్ళ కొసలు నున్నగ అరిగినయి. ఆ వేళ్ళను తీస్కపోయి పోస్టాఫీసుల మిషను మీద పెట్టమంటరు. మిషనుకు గీతలు దొరకవు. ఇయ్యాల పడలేదు, రేపు రాపో అంటరు. అరిగిన వేలే ఆమె చేసిన పనికి సాక్ష్యం, ఆ సాక్ష్యాన్నే చూపి పైసలు ఆపుతున్నరు.

గా బీడీ కార్మికులల్ల ఎందరికి పింఛను అందలేదో దానికీ ఒక కథ ఉన్నది. జీవనభృతికి 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలన్నరు. తెల్లారి నుంచి చుట్టినా ఖాతా తెరవని కంపెనీ చేతకానితనానికి శిక్ష ఎవరికి? కార్మికురాలికే. ఒక పాసుబుక్కు మీద ముగ్గురు చుట్టిన ఇండ్లున్నయి, పేరు ఒక్కరిది, నడుమునొప్పి ముగ్గురిది. పీఎఫ్ ఉన్నోళ్ళకు వచ్చే కేంద్ర పింఛను చూస్తమా అంటే, కనీసం వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరుల ఖాయం చేసిన్రు. పదేండ్ల తర్వాత 2024ల కూడా వెయ్యే.

ఢిల్లీ సంగతి ఇంకా అన్యాయం. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను మొదలైనప్పుడు కేంద్రం వాటా 75 రూపాయలు. 2006ల 200 అయింది. 2007ల ఇందిరాగాంధీ పేరు పెట్టిన్రు, 2011ల వయసు 65 నుంచి 60కి దించిన్రు, 80 దాటినోళ్ళకు 500 చేసిన్రు. 80 లోపలోళ్ళకు మాత్రం అదే 200. ప్రభుత్వాలు మారినయి, ప్రధానులు మారిన్రు, 2024 దాటినా 200 మారలేదు. కనీసం 500 అయినా చేయున్రి అని జీన్ డ్రెజ్‌తో కలిసి అరవై మంది ఆర్థికవేత్తలు 2017 డిసెంబరుల ఆర్థికమంత్రి జైట్లీకి లేఖ రాసిన్రు. మరుసటేడు మళ్ళ రాసిన్రు. రోజుకు ఏడు రూపాయలు కూడా పడదు ఆ 200. హోటల్ల ఒక్క చాయ రాదు. దేశం ప్రపంచంల ఎన్నో నంబరు ఆర్థికవ్యవస్థ అయిందో మనకు దినాం చెప్తున్నరు గద, ఆ నంబరుతోని చాయ్ పోస్తరా?

పింఛను ప్రతి నెల 7వ తారీఖు లోపల ముట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆర్డరిచ్చింది. ఆహారహక్కు కేసుల ఇచ్చిన ఆర్డరు అది. మన ఊళ్ళల్ల ఏ నెల పింఛను ఏ నెల, ఏ తారీఖున వస్తున్నదో ఈ పేపరు చదివే విద్యార్థులు తమ నానమ్మను అడిగి చూడున్రి.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గయితున్నా చెప్పక తప్పని మాట. 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ ఆరు గ్యారంటీలల్ల చేయూత పేరుమీద 4000 రూపాయలు అన్నది. డిసెంబరుల గద్దె ఎక్కింది. 2024 గడిచింది, 4000 రాలేదు. అవతల ఆంధ్రప్రదేశ్‌ల అదే 2024 జూలై నుంచి 4000 చేసిన్రు. ఏప్రిల్ నుంచి లెక్కగట్టి బకాయి కలిపి మొదటి నెల 7000 ఇంటికాడికే తెచ్చి చేతిల పెట్టిన్రు. ఎవరి పాలనల మనకు అన్యాయం జరిగిందని అరవై ఏండ్లు కొట్లాడినమో, వాళ్ళ దిక్కు ముసలోళ్ళను చూసి మన ముసలోళ్ళు మనకే సంబంధం లేదా అని అడిగే రోజు వచ్చింది. దీనికి జవాబు చెప్పాల్సింది అమరావతి కాదు, హైదరాబాద్.

పైసలేడియి అంటరు. పోయిన సర్కారు అప్పులు పెట్టిపోయింది అంటరు. నిజమే కావచ్చు, మేడిగడ్డ పిల్లర్లు 2023 అక్టోబరుల కుంగినప్పుడు ఆ అప్పుల రూపం అందరం చూసినం. అయితే పైసలు లేక కాదు, ఎవరికి ముందు ఇయ్యాలె అన్నకాడనే పేచీ. రైతుబంధు 2019 నుంచి ఎకరానికి ఏడాదికి పదివేలు ఇచ్చింది, భూమికి పరిమితి పెట్టలేదు. ఇరవై ఎకరాల ఆసామికి ఏడాదికి రెండు లక్షలు పడ్డయి, సాగు చేసినా చేయకున్నా. అదే ఆసామి పొలంల జీవితమంత నాట్లేసిన, గుంట జాగ లేని ముసలామెకు ఏడాది పింఛను 24,192 రూపాయలు. ఇది మేం రైతుల మీద చెప్పే మాట కాదు. చిన్నరైతు బాగుపడాలె. భూమి ఉన్నోనికి ఎకరాల లెక్కన, భూమి లేనోనికి ఇంటికొక్కటి లెక్కన పంచే ఖజానా గురించి చెప్తున్నం.

2025ల రేషన్ల సన్నబియ్యం మొదలువెట్టిన్రు. మంచిపని. ఉత్త బియ్యం బుక్కి బతుకుతరా?

కొడుకులు చూసుకోవద్దా అని కొందరు నీతులు చెప్తరు. దానికి 2007ల చట్టమే వచ్చింది, తల్లిదండ్రుల పోషణ చట్టం. ఆర్డీవో కాడికి పోయి అర్జీ పెట్టుకుంటే నెలకు పదివేల దాక ఇప్పియ్యొచ్చు. ఆస్తి ఉన్న ఇంటికి అది పనికొస్తది. కొడుకు భీవండిల మగ్గం కాడ పండుకుంటున్నడు, లేకుంటే దుబాయిల క్యాంపుల ఉన్నడు, అప్పు తీరక ఊరికి రాలేడు. మనవలను సాకుతున్నది ఈ ముసలామెనే. వానిమీద ఆమె కేసు పెట్టాల్నా? అదే చట్టంల జిల్లాకొక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి, అని కూడా ఉన్నది. ఎట్ల ఉన్నది? సర్కారు "పెట్టవచ్చు" అని. కొడుకుకు "ఇయ్యాలె", సర్కారుకు "పెట్టవచ్చు"!

ఉద్యమంల ఎవరు ఎక్కడ ఉన్నరో మాకు యాదికున్నది. రిలే దీక్షల టెంటుల మనం ఆఫీసుకో, కాలేజీకో పోయి వచ్చేదాక కూసున్నది ముసలోళ్ళు. వంటావార్పు నాడు రోడ్డు మీద రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టిచ్చింది వాళ్ళు. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు జీతం రాని ఇంటికి గిన్నెల గింజలు పోసిన చేతులూ వాళ్ళవే. 1969ల లాఠీదెబ్బలు తిన్న పిల్లలు ఇప్పుడు డెబ్బయి దాటిన్రు, వాళ్ళల్ల పింఛను క్యూల నిలబడ్డోళ్ళున్నరు. సమ్మె కాలానికి జీతం మనం కొట్లాడి తెచ్చుకున్నం. వాళ్ళు ఏ కాలానికీ ఏదీ అడగలేదు.

కనీస వేతనంల సగం పింఛనుగ ఇయ్యాలె, ధరలతోని అది పెరగాలె అని 2012 నుంచే అరుణారాయ్, బాబా ఆఢవ్ నడిపిన పెన్షన్ పరిషత్ అడిగింది. మేం అడిగేదీ కొత్తది కాదు. ఇంటికి కాదు, మనిషికి పింఛను. జీవో తోని కాదు, శాసనసభల చట్టం తోని. ఎన్నిక ఎన్నికకు ఒక పార్టీ వేలంపాట పాడే అంకె వద్దు, మన డీఏ ఏ ధరల సూచికతోని పెరుగుతదో దానితోనే అది పెరగాలె. ఏడో తారీఖు దాటితే జవాబుదారి ఎవరో పేరు రాసి ఉండాలె. వేలు పడకపోతే పంచాయతీ కార్యదర్శి సంతకంతో పైసలు ఇయ్యాలె.

సంఘాల నాయకులు సర్కారుతో మాట్లాడడానికి పోయినప్పుడల్లా ఒక డిమాండ్ల కాగితం పట్టుకపోతరు. మొదటి వరసల డీఏ బకాయిలు ఉంటయి, ఉండనీయున్రి. దాని కిందనే, సీపీఎస్ కంటె ముందు, ఇంకొక వరస రాయున్రి: ఆసరా పింఛనుకూ డీఏ. ఆ కాగితం మీద మన సంతకాలున్నంక అది రెండు నిమిషాల్ల తిప్పేసే కాగితం కాదని సచివాలయానికి ఎరుకే. 42 రోజులు ఆ సంతకాల బలం వాళ్ళు చూసిన్రు.