పింఛనుతో పనామా పోదామా?

పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇక్కడ మడికొండలో పదవీ విరమణ చేసిన సారు, ఆయన శ్రీమతి. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు మన దగ్గర కొత్తేం కాదు. 'ఇల్లమ్మేసి వచ్చెయ్యుండ్రి బాపూ' అని అటునుంచి ఫోను. మరి వెళ్లాలా, ఉండాలా?

వెళ్దామన్నా అమెరికాలో రిటైరైనవారి కోసం ప్రత్యేక వీసా ఏదీ లేదు. సందర్శకుల వీసా మీద వెళ్తే సాధారణంగా ఒక్కో విడతకు ఆర్నెల్లు ఉండనిస్తారు. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టాలంటే కొడుకో కూతురో ఆ దేశ పౌరులై ఉండాలి. తమ గ్రీన్‌కార్డు కోసమే ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డ పిల్లలకు ఆ వీలెక్కడిది?

విచిత్రమేమిటంటే, పింఛనుదార్లను రారమ్మని పిలిచే దేశాలూ ఉన్నాయి. అందులో స్పానిష్ మాట్లాడేవి కొన్ని. పనామాలో 'పెన్షనాడో' అనే పథకం ఉంది. జీవితాంతం వచ్చే పింఛను నెలకు కనీసం 1,000 డాలర్లు చూపిస్తే నివాసానికి అనుమతిస్తారు. భార్యనో భర్తనో వెంట తీసుకెళ్తే ఇంకో 250. విమాన టికెట్లలో తగ్గింపు కూడా! అమెరికా పెద్దలే ఖర్చు కలిసొస్తుందని అక్కడికి మకాం మారుస్తుంటారు. స్పెయిన్‌లో అయితే లెక్క పెద్దది. పని చేయకుండా ఉండేవారికిచ్చే వీసాకు దంపతులు నెలకు 3,000 యూరోల ఆదాయం చూపాలి. పైగా ప్రైవేటు ఆరోగ్య బీమా తప్పనిసరి.

ఇప్పుడు మన రూపాయల్లోకి వద్దాం. పనామాకు దంపతులకు కావలసింది నెలకు లక్షకు పైమాటే. స్పెయిన్‌కు దాదాపు మూడు లక్షలు. ఇక్కడ హాయిగా బతకడానికి సరిపోయే పింఛను అక్కడ గడప దాటడానికీ చాలకపోవచ్చు.

డబ్బు సమకూరినా వైద్యం సంగతి ఉంది. ఇక్కడి ఈహెచ్ఎస్ కార్డు విదేశీ ఆసుపత్రిలో చెల్లదు. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చినా, 65 దాటినవారు ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ కొనుక్కోవాలంటే కనీసం ఐదేళ్లు అక్కడే నివసించి ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవారికి ప్రయాణ బీమా పాత జబ్బుల్ని చాలావరకు పక్కన పెడుతుంది. ఆ ఐదేళ్లలో ఏ గుండె జబ్బో వస్తే బిల్లు కట్టేది పిల్లలే.

ఇక మాట. అమెరికాలో 1976 నాటికే పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. తెలుగు సంఘాలున్నాయి. అయినా కారు నడపడం రాని పెద్దలకు గుడికి వెళ్లాలంటే కొడుకు సెలవు దొరకాలి. ఇక పనామాలో కూరగాయలు బేరమాడాలన్నా స్పానిష్ నేర్చుకోవాలి. మడికొండలో మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి దర్శనానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. శివరాత్రి జాతరలో పలకరించేవాళ్లే అందరూ.

అలాగని వెళ్లొద్దని కాదు. మనవల ముద్దుముచ్చట్లు ఎవరికి చేదు? కాకపోతే తొందరపడి ఇల్లు అమ్మొద్దు. ముందు ఆర్నెల్లు వెళ్లి చూడండి, అదీ చలికాలంలో. మంచులో నాలుగు గోడల మధ్య కాలం ఎలా గడుస్తుందో తెలుస్తుంది. పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి ముందే కనుక్కోండి. ఇంటి బాధ్యత నమ్మకమైనవారికి అప్పగించండి.

పిల్లలూ ఒకటి ఆలోచించాలి. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ మడికొండలో కేంద్రాలు తెరిచాయి. అమ్మానాన్నల్ని అక్కడికి రప్పించుకోవడమొక్కటే దారి కాదు. ఇటు రావడానికీ ఒక దారి పడింది. ఏ దారి పట్టినా, అమ్మేసిన ఇల్లు మళ్లీ కొనడం మాత్రం అంత తేలిక కాదు!